పదును

ఈ మే నెల నలభై ఆరంటున్నారు.
ఎండ గురించి గుంటూరుకి ఒకరు చెప్పాలా!
బ్రాడీపేట రోడ్డు మీది తారు
చెప్పులకంటుకుని ఇంటిదాకా వచ్చింది.

బీరువాలో, చలికోటు కింద
నా సిగార్లు నూట పన్నెండు.
ఒక్కటీ కొన్నది కాదు.
ముప్పై ఒక్కేళ్లు ఆకు గ్రేడు చేసినందుకు
వేలానికొచ్చిన పరదేశపు బయ్యర్లు
చేతిలో పెట్టి పోయినవి.
డాక్టరు వద్దన్నాక కాల్చే మాటే లేదు.
"మరి దేనికి దాచడం?" అంటుంది స్వరాజ్యం.
కట్టని పట్టుచీరలు ఆమెకీ ఉన్నాయి గానీ
ఆ మాట అనే ధైర్యం నాకు లేదు.

మొన్న ఒకదాన్ని తీసి చూస్తే
పై ఆకుకి సూది గుచ్చినంత బెజ్జం,
పెట్టె అడుగున గోధుమరంగు పొడి.
నాకు తెలిసిన పురుగే.
గోడౌన్లలో దానితో యుద్ధం చేసి జీతం తీసుకున్నాను.
రిటైరయ్యాక అడ్రసు కనుక్కుని వచ్చింది.

పాతిక డిగ్రీలు దాటితే గుడ్డులో కదలిక.
పద్దెనిమిదిలో నిద్ర.
అంటే, నేను నిద్ర కొనాలి.

ఫ్రిజ్ తడి పీల్చేస్తుంది.
అయినా ఒక రాత్రి పెట్టి చూశాను:
తెల్లారేసరికి హవానా ఆకుకి గోంగూర వాసన.
మిర్చి యార్డు వెనక కోల్డ్ స్టోరేజీ కోటిలింగం
"నా దగ్గర పడెయ్యండి గురువుగారూ,
లక్ష టిక్కీల మధ్య ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు.
ఎవడూ చూడడు. తర్వాత వెలిగించినవాడు మాత్రం
మూడు వీధులకి తుమ్ములు పంచుతాడు.

బెజవాడ వెళ్లాను. గవర్నర్‌పేట షాపులో
సుభానీ అనే కుర్రాడు అద్దాల తలుపు తెరిచి
"వైన్ కోసమా సార్?" అని గొంతు తగ్గించాడు.
నీలం దీపం, చప్పుడు లేని మోటారు,
నొక్కిన డిగ్రీ నొక్కినట్టు.
ముప్పై ఎనిమిది వేలు.
"కరెంటు పోతే?"
"అది మా కంపెనీది కాదు సార్."

లోపలికి దేవదారు అరలు వీరభద్రాచారి చేశాడు.
తేమ చూపే ముల్లుకి పరీక్ష నేనే పెట్టాను:
మూతలో కళ్లుప్పు, నాలుగు చుక్కల నీళ్లు,
గాలి దూరని సీసాలో ఒక రాత్రి.
డెబ్బై ఐదు చూపాలి, డెబ్బై ఒకటి చూపింది.
ఫరవాలేదు, రోజూ ఒకే అబద్ధం చెబుతుంది.
అలాంటివాళ్లతో సర్వీసంతా నెట్టుకొచ్చాను.

కొల్లూరు లంకలో మా నాయనమ్మ నాంచారమ్మ
నిప్పు నోట్లోకి తిప్పి అడ్డపొగ తాగేది.
ఆమె చుట్టకి పెట్టె లేదు, రొంటే పెట్టె.
ఆమెకి జ్వరమొస్తే దానికీ జ్వరం,
ఆమె నాట్లకి వంగితే దానికీ చెమట.
"నలిపితే విరక్కూడదు, వదిలితే అంటకూడదు.
అంతేరా పదునంటే."
కంపెనీ వాళ్లు మీటరు ఇచ్చింది ఎనభై ఎనిమిదిలో.
అప్పటిదాకా నా చేతికున్నది ఆమె మాటే.
ఆ తర్వాతా, మీటరు చదివి
ఎవరూ చూడకుండా ఆకు నలిపేవాణ్ణి.

నూట పదకొండూ అరల్లోకి చేరాయి.
బెజ్జం పడ్డదాన్ని నా గ్రేడింగు లోపలికి రానివ్వలేదు.
పారెయ్యడానికి చెయ్యీ రాలేదు.

రాత్రి రెండింటికి కరెంటు పోయింది.
నీలం దీపం ఆరాక ఆ పెట్టె
మామూలు బీరువాలా నిలబడింది.
పిల్లాడి నుదురు చూసినట్టు అద్దం మీద చెయ్యి పెట్టాను.
చల్లగానే ఉంది, ఇంకా.
బెజ్జపు సిగారుని లుంగీ రొంటిన దోపుకున్నాను,
ఎందుకో తెలీదు, అదొక్కతే బయట ఉందని కాబోలు.

"ఎంతుంది?" చీకట్లోంచి స్వరాజ్యం.
"పంతొమ్మిది."
"మనకి?"
విసనకర్ర చప్పుడు కాసేపు ఆగి
మళ్లీ మొదలైంది, ఈసారి
కొంచెం నా వైపుకి.